ప్రయోగశాల లోపల ఏం జరుగుతోందో అడిగే హక్కు: సైన్యం కోసం పనిచేసిన స్త్రీ రసాయన శాస్త్రజ్ఞులు

(స్త్రీలు, శాస్త్ర విజ్ఞానం, సైన్యం అనే అంశంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సైన్యం మాట వస్తే స్త్రీల ఉద్యమంలో ఉన్న మనకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. సైన్యంలో స్త్రీలకు సమానావకాశాలు కావాలా అని అడిగితే కావాలంటాం. యుద్ధం కావాలా అంటే వద్దంటాం. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు సైన్యంలోని మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని తీర్పు చెప్పినప్పుడు మనలో చాలామందిమి సంతోషించాం. శారీరక బలహీనత, కుటుంబ బాధ్యతలు అంటూ ప్రభుత్వం చేసిన వాదనలను కోర్టు తోసిపుచ్చినందుకు సంతోషించాం. ఆ సంతోషంలోనే, ఈ అవకాశం దేనికోసం అనే ప్రశ్న కూడా మన మధ్యకు వచ్చింది. దాన్ని మనం పూర్తిగా చర్చించుకోలేదు. సమానత్వం కోరేవాళ్లొక పక్క, శాంతి కోరేవాళ్లొక పక్క అన్నట్టు విడిపోయి, ఒకరి మాట ఒకరం మర్యాదగా విని ఊరుకున్నాం.

ఈ రోజు ఆ చర్చను యూనిఫారం దగ్గర కాకుండా మరో చోట మొదలుపెడదామనుకుంటున్నాను. సైన్యం కోసం పనిచేసే కెమిస్టు దగ్గర. ఆమె తుపాకీ పట్టదు. కవాతు చెయ్యదు. జనవరి 26న టీవీలో కనిపించదు. యాసిడ్ ఎంత గాఢంగా ఉందో కొలుస్తుంది, మందుగుండు స్వచ్ఛంగా ఉందో లేదో చూస్తుంది, వాయువును గుర్తించే పద్ధతి కనిపెడుతుంది, గ్యాస్ మాస్కులోని బొగ్గు పనిచేస్తోందా అని పరీక్షిస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే ఆడపిల్లలకు ఇది ఊహకందని ఉద్యోగమేమీ కాదు. హైదరాబాదులోనే కంచన్‌బాగ్ ప్రాంతంలో రక్షణ పరిశోధనశాలలు దశాబ్దాలుగా ఉన్నాయి.

నా రంగం సమాజశాస్త్రం. ఏ వాయువు ఎలా పనిచేస్తుందో చెప్పే అర్హత నాకు లేదు. ఆ వాయువు దగ్గర ఎవరిని నిలబెట్టారు, ఎవరి పేరు మిగిలింది, ఎవరి ఒళ్లు చెడింది, ఎవరు నోరు విప్పారు అన్నవి నా ప్రశ్నలు. వీటికి జవాబు వెతకడానికి మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎంచుకున్నాను. ఆ యుద్ధానికి 'కెమిస్టుల యుద్ధం' అనే పేరుంది. రసాయన శాస్త్రం చదువుకున్న మొదటి తరం స్త్రీలు పెద్ద సంఖ్యలో సైనిక అవసరాల కోసం పనిచేసింది కూడా అప్పుడే.

ముందుగా బ్రిటన్ సంగతి. లండన్ కెమికల్ సొసైటీ అక్కడి రసాయన శాస్త్రజ్ఞుల ప్రధాన సంఘం. అందులో స్త్రీలకు సభ్యత్వం లేదు. 1904లో 19 మంది స్త్రీ రసాయన శాస్త్రజ్ఞులు తమను చేర్చుకోమని వినతిపత్రం ఇచ్చారు. వాళ్లందరూ పరిశోధన చేస్తున్నవాళ్లే, వాళ్ల వ్యాసాలను ఆ సొసైటీ పత్రికే అచ్చువేస్తోంది. రాసింది తీసుకుంటాం, రాసినవాళ్లను తీసుకోం అన్నమాట. 1908లో సభ్యుల అభిప్రాయం అడిగితే అనుకూలంగా 1,094 ఓట్లు, వ్యతిరేకంగా 642 ఓట్లు వచ్చాయి. అంత మెజారిటీ వచ్చినా సభ్యత్వం ఇవ్వలేదు. ఓటు హక్కు లేకుండా 'చందాదారులు' అనే ఒక వర్గాన్ని సృష్టించి స్త్రీలను అందులో కూర్చోబెట్టారు. ఇంట్లోకి రానిచ్చి వసారాలో చాప వేసినట్టు. నిజమైన సభ్యత్వం 1920లో గానీ రాలేదు.

ఈ వినతిపత్రం మీద సంతకం పెట్టి, పదహారేళ్లు దాని కోసం పట్టు వదలకుండా పనిచేసినవాళ్లలో మార్తా వైట్లీ ఒకరు. ఆమె 1866లో పుట్టారు, లండన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నారు, ఇంపీరియల్ కాలేజీలో పనిచేశారు. 1912లో ఆ కాలేజీలో స్త్రీల సంఘాన్ని స్థాపించిందీ ఆమే. అంటే మన భాషలో చెప్పుకుంటే ఆమె స్త్రీల హక్కుల కార్యకర్త.

1914లో యుద్ధం వచ్చింది. సౌత్ కెన్సింగ్టన్‌లో ఉన్న ఆ కాలేజీ ప్రయోగశాలలు యుద్ధ పరిశోధనకు మళ్లాయి. కాలేజీ ఆవరణలో కందకాలు తవ్వి వాయువులను, బాంబులను పరీక్షించారు. అక్కడ తయారైన ఒక బాష్పవాయువుకు సౌత్ కెన్సింగ్టన్ పేరులోని మొదటి అక్షరాలతో 'ఎస్.కె.' అనే పేరు పెట్టారు. ఈ పనిలో ప్రొఫెసర్ థార్ప్‌తో కలిసి మార్తా వైట్లీ, ఆమెతో పాటు మరికొందరు స్త్రీలు పనిచేశారు. 1917లో జర్మన్ సైన్యం మస్టర్డ్ గ్యాస్ ప్రయోగించినప్పుడు దాని నమూనా పరీక్షకు ఆమె దగ్గరికి వచ్చింది. చర్మం మీద బొబ్బలు లేపుతుందన్నారు కదా, నిజమేనా అని చూడడానికి ఆమె దాన్ని తన చేతి మీదే కొంచెం పూసుకున్నారు. మోచేతి మడతలో పుండు పడి సుమారు మూడు నెలలు మానలేదు. ఆ మచ్చ ఇంకా ఉందని ముసలితనంలో ఆమె స్వయంగా చెప్పారు. పత్రికలు ఆమెకు జర్మన్లను ఏడిపించే స్త్రీ అని బిరుదు తగిలించాయి. 1920లో ప్రభుత్వం ఓ.బి.ఇ. ఇచ్చి గౌరవించింది. అదే ఏడాది కెమికల్ సొసైటీ సభ్యత్వం కూడా వచ్చింది.

ఆ బిరుదు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఏడిపించడం అనే మాటను ఆడదానికి అతికించడం పత్రికలకు సరదా. వందేళ్ల తర్వాత మన దగ్గర 'అగ్నిపుత్రి' అన్నారు. 2012 ఏప్రిల్‌లో ప్రయోగించిన అగ్ని-5 క్షిపణి ప్రాజెక్టుకు డైరెక్టర్‌గా ఉన్న టెస్సీ థామస్‌కు మన పత్రికలు ఇచ్చిన బిరుదది. ఆమె కెమిస్టు కాదు, ఇంజనీరు. ఆమె పనిమంతురాలన్న విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఆ బిరుదు చేసే పని వేరు. ఒక స్త్రీని ఆయుధానికి కూతుర్ని చేసేస్తే ఆయుధం మీద ప్రశ్న అడిగే వీలు పోతుంది. ప్రశ్నిస్తే ఆడపిల్ల ఎదుగుదలను ఓర్వలేకపోతున్నారంటారు. మన సమానత్వ పోరాటాన్ని ఆయుధానికి కవచంగా వాడుకుంటారు.

మార్తా వైట్లీ కథలో మనలాంటి కార్యకర్తలకు సూటిగా తగిలే సంగతి ఇంకొకటుంది. అది బాష్పవాయువు. ఎస్.కె. లాంటి వాయువులతో మొదలైన ఆ పరిశోధన ఆ తర్వాత ఎన్నో చేతులు మారి, కొత్త రసాయనాలతో, పోలీసుల చేతికి వచ్చింది. 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందం ప్రకారం బాష్పవాయువును యుద్ధ పద్ధతిగా వాడకూడదు. శాంతిభద్రతల కోసం మాత్రం వాడవచ్చు. శత్రుసైనికుడి మీద నిషిద్ధమైనది ఊరేగింపులో నడిచే పౌరురాలి మీద చెల్లుతుంది! మనలో బాష్పవాయువు రుచి చూసినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. ఆ వాయువును మొదట తయారుచేసినవాళ్లలో స్త్రీల సభ్యత్వం కోసం పోరాడిన మనిషి ఒకరున్నారు. దీనికి ఆమెను దోషిగా నిలబెట్టాలని నేను అనడం లేదు. లోపలికి వెళ్లే హక్కు కోసం అంత పోరాడిన తరానికి, లోపల తయారయ్యేది ఎక్కడికి పోతుందో నిర్ణయించే స్థానం దక్కలేదన్నది గమనించమంటున్నాను.

స్థానం మాట అటుంచి ఉద్యోగం కూడా నిలవలేదు. మే సిబిల్ లెస్లీ సంగతి చూడండి. యార్క్‌షైర్‌లో బొగ్గుగని కార్మికుడి కూతురు. స్కాలర్‌షిప్పులతో చదువుకుని పారిస్‌లో మేరీ క్యూరీ దగ్గర, మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పరిశోధన చేసింది. యుద్ధకాలంలో లివర్‌పూల్ దగ్గర లిథర్‌లాండ్‌లోని ప్రభుత్వ పేలుడు పదార్థాల కర్మాగారంలో చేరి, 1916లో అక్కడి ప్రయోగశాలకు ప్రధాన కెమిస్టు అయింది. నైట్రిక్ యాసిడ్ తయారీ మీద ఆమె చేసిన పని పేలుడు పదార్థాల ఉత్పత్తికి చాలా అవసరమైనది. 1917లో అదే హోదాతో వేల్స్‌లోని మరో కర్మాగారానికి వెళ్లింది. 1918లో లీడ్స్ విశ్వవిద్యాలయం డి.ఎస్‌సి. ఇచ్చింది. మగ కెమిస్టులు యుద్ధం నుంచి తిరిగి వచ్చాక ప్రభుత్వంలో ఆ హోదా ఆమెకు లేదు. మళ్లీ విశ్వవిద్యాలయంలో కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది.

యుద్ధం స్త్రీలకు తలుపులు తెరిచిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. తెరిచిన మాట నిజమే. మగవాడు లేని కాలానికి మాత్రమే తెరిచింది. కోత సమయంలో కూలికి పిలిచి, కళ్లం ఎత్తగానే పొమ్మన్నట్టు. అవసరం తమది కాబట్టి అర్హత ఉందన్నారు, అవసరం తీరాక అర్హతను మళ్లీ మరిచిపోయారు.

ఇంతవరకూ చదువుకున్న స్త్రీల గురించి మాట్లాడాను. వాళ్లు ప్రయోగశాలలో కొలిచిన రసాయనాలను కర్మాగారంలో చేతులతో తాకింది వేరే స్త్రీలు. కింది తరగతి స్త్రీలు, ఇళ్లలో పనిమనుషులుగా చేసి వచ్చినవాళ్లు, బట్టల మిల్లుల నుంచి వచ్చినవాళ్లు. స్కాట్లండ్ సరిహద్దులోని గ్రెట్నా కర్మాగారం తొమ్మిది మైళ్ల పొడవుండేది. కార్డైట్ తయారుచేసే ఆ కర్మాగారంలో 1917 నాటికి 11 వేల మందికి పైగా స్త్రీలు పనిచేశారు. నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్ కలిపిన ముద్దను వాళ్లు చేతులతో పిసికేవారు. మనం పిండి పిసికినట్టే.

ఫిరంగి గుండ్లలో టి.ఎన్.టి. నింపే స్త్రీల చర్మం, జుట్టు పసుపుపచ్చగా మారిపోయేవి. లోకం వాళ్లను ముద్దుగా 'కెనరీ పిట్టలు' అంది. కెనరీ పసుపురంగు పిట్ట. పేరు ముద్దుగానే ఉంది. కాలేయం దెబ్బతిని కామెర్లతో వాళ్లలో వందమందికి పైగా చనిపోయారు. ఈ కామెర్లను కర్మాగారాలు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 1916లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో ఇద్దరు మహిళా డాక్టర్లు, ఆగ్నెస్ లివింగ్‌స్టన్-లియర్‌మంత్, బార్బరా కన్నింగ్‌హామ్, టి.ఎన్.టి. పనిచేసే స్త్రీల మీద చూపే ప్రభావాన్ని గురించి లాన్సెట్ వైద్యపత్రికలో వ్యాసం రాశారు. కర్మాగారంలో చూసింది చూసినట్టు యుద్ధం నడుస్తుండగానే బయటపెట్టారు. ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతాయి.

అదే ఏడాది డిసెంబరు 5న లీడ్స్ దగ్గర బార్న్‌బో కర్మాగారంలో పేలుడు జరిగి 35 మంది స్త్రీలు చనిపోయారు. యుద్ధకాలపు సెన్సారు వల్ల ఆ వార్త అప్పట్లో జనానికి తెలియలేదు. సైనికుడు చనిపోతే వీరమరణం. అతని చేతిలోని గుండును నింపిన స్త్రీ చనిపోతే రహస్యం.

ఒకే యుద్ధంలో, ఒకే రసాయనాల దగ్గర స్త్రీలు రెండు వరసల్లో ఉన్నారు. కొలిచే స్త్రీలు, తాకే స్త్రీలు. మధ్యలో వర్గం గోడ ఉంది. కొలిచినవాళ్లకు తెలిసింది తాకినవాళ్లకు చేరలేదు. పితృస్వామ్యం స్త్రీలందరినీ ఒకే తాటికి కట్టదు, విడివిడిగా వాడుకుంటుంది. మనం సమానావకాశాలంటున్నప్పుడు సాధారణంగా మొదటి వరసనే చూస్తున్నాం.

ఇక జర్మనీకి వద్దాం. ఇక్కడ మీలో చాలామందికి తెలిసిన పేరొకటుంది, క్లారా ఇమ్మర్‌వార్. 1870లో బ్రెస్లౌ దగ్గర పుట్టింది. 1900 డిసెంబరులో బ్రెస్లౌ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందింది. ఆ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన మొదటి స్త్రీ ఆమే. 1901లో ఫ్రిట్జ్ హేబర్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి పెళ్లి చేసుకుంది. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. ప్రయోగశాల మానేసింది. ఇంటి పనిలో, వంటలో ఉన్న రసాయన శాస్త్రం గురించి స్త్రీల సంఘాల్లో ఉపన్యాసాలిచ్చేది. భర్త 1905లో రాసిన పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ, ఆమె మౌనంగా అందించిన సహకారానికి కృతజ్ఞతలు చెప్పాడు. 1909లో తన పాత గురువుకు రాసిన ఉత్తరంలో, ఈ ఎనిమిదేళ్లలో భర్త ఎంత సంపాదించుకున్నాడో తాను అంతకు మించి పోగొట్టుకున్నానని ఆమె రాసుకుంది.

హేబర్ గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియాగా మార్చే పద్ధతి కనిపెట్టినవాడు. మన పొలాల్లో చల్లే యూరియా వెనక ఉన్నది ఆ పద్ధతే. యుద్ధంలో అదే అమ్మోనియా నైట్రిక్ యాసిడ్ అయి, పేలుడు పదార్థమయింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం సుమారు 150 టన్నుల క్లోరిన్ వాయువును గాలిలోకి వదిలింది. దానిని దగ్గరుండి ఏర్పాటు చేసింది హేబరే. నాలుగు రోజుల తర్వాత ఏప్రిల్ 26న అదే యుద్ధరంగంలో మన లాహోర్ డివిజన్ సిపాయిలు కూడా ఆ వాయువు బారినపడ్డారు. మే 2 తెల్లవారుజామున బెర్లిన్‌లో తమ ఇంటి తోటలో క్లారా, భర్త సైనిక పిస్తోలుతో కాల్చుకుంది. హేబర్ వెంటనే తూర్పు యుద్ధరంగానికి వెళ్లిపోయాడు. తర్వాత అతనికి 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

విషవాయువుకు నిరసనగానే ఆమె ప్రాణం తీసుకుందని చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. 1993లో వచ్చిన ఆమె జీవితచరిత్ర ఈ చిత్రాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. జర్మనీలో యుద్ధ వ్యతిరేక వైద్యుల సంఘం ఆమె పేరు మీద అవార్డు నెలకొల్పింది. 2016లో బెర్లిన్‌లోని ఇద్దరు పరిశోధకులు పత్రాలన్నీ తిరిగి పరిశీలించి, ఆమె నిరసనగా చనిపోయిందనడానికి ఆధారాలు చాలా బలహీనమని రాశారు. ఆమె చివరి ఉత్తరాలేవీ మిగల్లేదు.

ఈ వాదంలో ఎవరు గెలుస్తారన్నది చరిత్రకారుల పని. నన్ను కలవరపెట్టేది మరొకటి. మనకు క్లారా అంత తొందరగా ఎందుకు నచ్చింది? మగవాడు పాపం చేస్తే ఆడది ప్రాణమిచ్చి అతనికి బుద్ధి చెబుతుందన్న కథ మనకు కొత్త కాదు. సహనం, త్యాగం, మౌనం. శాస్త్రజ్ఞురాలిని కూడా తీసుకొచ్చి ఆ మూసలోనే పోశాం. ఆమె డాక్టరేటు గురించి, ఆమె మానేయాల్సి వచ్చిన పరిశోధన గురించి ఉద్యమ సభల్లో మాట్లాడేది తక్కువ, పిస్తోలు గురించి మాట్లాడేది ఎక్కువ. ఆమె నిరసనకారిణి కాకపోయినా, పద్నాలుగేళ్ల కాపురంలో ఒక శాస్త్రజ్ఞురాలు నలిగిపోవడం మన ఉద్యమానికి చాలినంత కారణం కాదా?

తేదీల వరసలో ఇంకో సంగతి ఉంది. ఈప్రెలో వాయువు వదిలింది ఏప్రిల్ 22న. క్లారా చనిపోయింది మే 2న. ఈ మధ్యలో, ఏప్రిల్ 28 నుంచి మే 1 వరకు, హాలండ్‌లోని హేగ్ నగరంలో అంతర్జాతీయ మహిళా మహాసభ జరిగింది. పన్నెండు దేశాల నుంచి వెయ్యిమందికి పైగా స్త్రీలు, అందులో యుద్ధం చేసుకుంటున్న రెండు పక్షాల దేశాల స్త్రీలూ, కలిసి కూర్చుని యుద్ధం ఆపమన్నారు. స్త్రీలకు ఓటు హక్కు కావాలన్నది కూడా అదే సభ తీర్మానం. జేన్ ఆడమ్స్ అధ్యక్షత వహించారు. ఉత్తర సముద్రంలో ప్రయాణాలు ఆపేయడంతో బ్రిటన్ నుంచి రావాలనుకున్నవాళ్లలో చాలామంది రాలేకపోయారు. శాంతిని, హక్కును విడివిడిగా చూడకుండా ఒకే తీర్మానాల కాగితం మీద రాసుకున్న స్త్రీలు వాళ్లు. ఆ సభ నుంచే శాంతి, స్వాతంత్ర్యాల కోసం మహిళల అంతర్జాతీయ సంఘం పుట్టింది.

ఆ సంఘంలో కెమిస్టులున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. గెర్‌ట్రూడ్ వోకర్, స్విట్జర్లండ్. నైమా సాల్‌బొమ్, స్వీడన్. 1878లో పుట్టిన వోకర్, బెర్న్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో డాక్టరేటు తీసుకుని అక్కడే బోధించారు. సాల్‌బొమ్ ఖనిజాల విశ్లేషణ కోసం సొంత ప్రయోగశాల నడుపుకున్నారు. 1924లో అమెరికా వెళ్లినప్పుడు ఈ ఇద్దరూ ఎడ్జ్‌వుడ్ అనే సైనిక రసాయన కేంద్రంలో విషవాయువుల ప్రదర్శన చూశారు. చూపించినవాళ్లు తమ సామర్థ్యం చూసి మెచ్చుకుంటారనుకుని ఉంటారు. వీళ్లు చూసినదాన్ని కెమిస్టుల కళ్లతో చూశారు. రేపటి యుద్ధంలో ఈ వాయువులు కందకాల్లో సైనికుల మీద కాదు, నగరాల్లో పిల్లల మీద పడతాయని అర్థం చేసుకున్నారు. 1925లో వోకర్ రాబోయే విషవాయు యుద్ధం గురించి పుస్తకం రాశారు. ఏ వాయువు ఊపిరితిత్తులను ఏం చేస్తుంది, జనానికి మాస్కులు పంచితే సరిపోతుందన్న ప్రభుత్వాల మాటలో నిజమెంత అన్నది మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పారు. వాయువుల వాడకాన్ని నిషేధించిన జెనీవా ఒప్పందం కూడా 1925 జూన్‌లోనే వచ్చింది. అది వాడకాన్నే నిషేధించింది, తయారీని కాదు. అందుకే వాళ్లు అక్కడితో ఆగలేదు. 1929 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆధునిక యుద్ధ పద్ధతుల మీద వాళ్ల సంఘం సదస్సు పెట్టింది.

విశ్వవిద్యాలయంలో వోకర్‌కు ప్రొఫెసర్ హోదా 1933లో గానీ రాలేదు. ఆమె 1968లో చనిపోయారు. స్విట్జర్లండ్‌లో స్త్రీలకు దేశస్థాయి ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది 1971లో. దేశాల సైన్యాలను నిలదీసిన మనిషి తన దేశ పార్లమెంటుకు ఒక్కసారి కూడా ఓటు వెయ్యకుండానే పోయారు.

మార్తా వైట్లీ, గెర్‌ట్రూడ్ వోకర్ ఇద్దరూ ఇంచుమించు ఒకే తరం. ఒకే శాస్త్రం. ఇద్దరూ స్త్రీల హక్కుల కోసం పనిచేసినవాళ్లే. ఒకరు వాయువును తయారుచేశారు, ఒకరు దాని గుట్టు విప్పారు. స్త్రీలు పుట్టుకతోనే శాంతిని కోరతారన్న మాట దీనితో తేలిపోతుంది. మన దగ్గర మతకలహాలను చూసినవాళ్లం, ఆ మాట నిజం కాదని మనకు వేరే చెప్పక్కర్లేదు. స్త్రీలను లోపలికి పంపిస్తే ప్రయోగశాల దానంతటదే మారుతుందనుకోవడానికి వీల్లేదు. అలాగని స్త్రీలు అటువైపు వెళ్లకూడదంటే, రసాయన శాస్త్రం తెలియని మనం గుట్టు ఎలా విప్పగలం? వోకర్ కెమిస్టు కాబట్టే ఆమె మాటను కొట్టిపారేయడం సైన్యాలకు కష్టమయింది. లాన్సెట్‌లో రాసిన ఆ ఇద్దరు డాక్టర్లు కర్మాగారం లోపల ఉన్నారు కాబట్టే పచ్చబడ్డ చేతులను చూడగలిగారు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. ప్రయోగశాలలోకి వెళ్లే హక్కు, అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకుని బయటికి చెప్పే హక్కు, ఇష్టం లేని పని చెయ్యనని అనే హక్కు, ఈ మూడూ కలిస్తేనే ఒక హక్కు. మొదటిది మాత్రమే ఇస్తే అది ఉద్యోగం. మనం ఇప్పటిదాకా మొదటిదే అడుగుతున్నాం.

ఇదంతా యూరప్ చరిత్ర కదా, మనకేమిటి అనుకోవద్దు. 1992లో భారత్, పాకిస్తాన్ రసాయన ఆయుధాలు తమ దగ్గర లేవని, తయారుచేయబోమని ఉమ్మడి ప్రకటన చేశాయి. 1997లో అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చాక, మన ప్రభుత్వం తన దగ్గర నిల్వలున్నాయని వెల్లడించింది. వెయ్యి టన్నులకు పైగా మస్టర్డ్ గ్యాస్. మార్తా వైట్లీ మోచేతి మీద మచ్చ వేసిన అదే పదార్థం. అంతర్జాతీయ తనిఖీల కింద 2009 నాటికి దాన్నంతా ధ్వంసం చేశారు. ధ్వంసం చేసినందుకు సంతోషించాల్సిందే. కానీ అన్నేళ్లు దాన్ని తయారుచేసినవాళ్లెవరు, ఆ ప్లాంట్లలో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తులు, చర్మం ఎలా ఉన్నాయి, ఆ చుట్టుపక్కల నేల, నీళ్లు ఎలా ఉన్నాయి అన్న ప్రశ్నలు మన ఎజెండాలోకి రాలేదు.

సైనిక రసాయనం గోడ లోపలే ఉంటుందన్న భ్రమ కూడా వద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువమందిని చంపిన వాయువు ఫాస్జీన్. భోపాల్ కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్‌ను తయారుచేసింది ఈ ఫాస్జీన్‌తోనే. అక్కడ తయారైంది పురుగుమందు, సైన్యంతో సంబంధం లేదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి ఏం జరిగిందో మీకు చెప్పాల్సిన పనిలేదు. బాధితులకు చికిత్స చెయ్యడానికి ఆ వాయువు స్వభావం ఏమిటో కంపెనీ చెప్పలేదు, వ్యాపార రహస్యమంది. అక్కడ రహస్యం పేరు వ్యాపారం, ఇక్కడ రహస్యం పేరు దేశభద్రత. ఊపిరాడనివాళ్లకు ఈ రెండు పేర్లకీ తేడా లేదు. ఆ రహస్యాన్ని నిలదీసి ఇరవయ్యేళ్లు పోరాడిన రషీదా బీ, చంపాదేవి శుక్లా కెమిస్టులు కారు. వాళ్లకు 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. పురస్కారం మాట ఎలా ఉన్నా, తాకే వరసలోని స్త్రీలు కొలిచే వరసవాళ్లను ప్రశ్నలడగడం నేర్చుకున్నారన్నది ముఖ్యం.

ఇక మనం చెయ్యగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది చట్టం సంగతి. 2005 సమాచార హక్కు చట్టంలో 24వ సెక్షన్ కింద కొన్ని భద్రతా సంస్థలకు మినహాయింపు ఉంది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ, అంటే డి.ఆర్.డి.ఓ., ఆ జాబితాలో ఉంది. ఆ పేరు చూడగానే మనం దరఖాస్తు చింపేస్తాం. కానీ అవినీతికి, మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని అదే సెక్షన్ చెబుతోంది. మానవ హక్కుల విషయమైతే కేంద్ర సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. పనిచేసే చోట ఆరోగ్యం పాడవడం, లైంగిక వేధింపులు, కాంట్రాక్టు కార్మికురాలికి వైద్యం అందకపోవడం మానవ హక్కుల ప్రశ్నలేనని మనం వాదించాలి. ఆ వాదన ఒప్పుకుంటారా లేదా అన్నది దరఖాస్తు పెట్టాకే తెలుస్తుంది.

రెండోది, భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకు చెప్పాలని, ముంచుకొచ్చే ప్రమాదాన్ని హెచ్చరించే హక్కు కార్మికులకు ఉందని చేర్చారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపారు. ఆ హక్కులు కొత్త కోడ్‌లో ఏ రూపంలో మిగిలాయో, ఏవి సన్నబడ్డాయో మన న్యాయవాద మిత్రులు ఒక చిన్న పుస్తకంగా రాసివ్వాలి. మందుగుండు సామగ్రి తయారయ్యే చోట్ల, బాణసంచా కేంద్రాల్లో పనిచేసే స్త్రీలతో కూర్చుని దాన్ని చదవాలి. పెద్ద సైన్యానికి చేసినా దీపావళికి చేసినా మందు కూరే చేతులు ఒక తరగతివే.

మూడోది, సైన్స్ చదివే మన అమ్మాయిలతో మాట్లాడాలి. రక్షణ సంస్థల్లో చేరవద్దని చెప్పే అధికారం మనకు లేదు. అప్పు చేసి చదివించిన తల్లిదండ్రులున్న అమ్మాయికి ప్రభుత్వ ఉద్యోగం ఎంత విలువైందో మనకు తెలుసు. చేరేముందు వోకర్ పేరు కూడా తెలిసి ఉండాలని మాత్రం కోరుకోవచ్చు. మన కాలేజీల్లో మహిళా దినోత్సవానికి గోడమీద మేరీ క్యూరీ బొమ్మ పెడతారు. దాని పక్కన ఇంకొన్ని బొమ్మలకు చోటుంది.

చివరిగా ఉద్యమంలోని మన రెండు పక్షాలకు ఒక మాట. సమానత్వం కోరేవాళ్లు, శాంతి కోరేవాళ్లు ఒకే సభలో కూర్చోగలరని, ఒకే కాగితం మీద రెండు తీర్మానాలు రాయగలరని 1915లో హేగ్‌లో, ఫిరంగుల మోత మధ్య ఆ స్త్రీలు చూపించారు. మన సదస్సు తీర్మానాలు ఈ సాయంత్రం రాసుకోబోతున్నాం. రక్షణ సంస్థల్లో స్త్రీల నియామకాల గురించి తీర్మానం ముసాయిదాలో ఉంది. ఆ సంస్థల్లో, వాటికి సరుకు అందించే ప్రైవేటు కర్మాగారాల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్య వివరాలు బయటపెట్టాలని, మనస్సాక్షి ఒప్పుకోని పనిని నిరాకరించినవాళ్లకు రక్షణ ఉండాలని మరో రెండు వాక్యాలు అందులోనే చేర్చమని కోరుతున్నాను. చర్చకు సిద్ధంగా ఉన్నాను.